ఊడదీసి బిగించినవాడు

లండన్. 1936 జనవరి 28, మంగళవారం.

ఎముకల్లోకి దిగే చలి. వీధికి రెండు పక్కలా జనం. మనిషికీ మనిషికీ మధ్య చెయ్యి దూర్చే సందు లేదు. ఐదో జార్జి చక్రవర్తి ఆఖరి ప్రయాణం అది. వెస్ట్‌మినిస్టర్ హాలులోంచి శవపేటికను తెచ్చి ఫిరంగి బండి మీదకెక్కించి, నావికులు వరసలు కట్టి తాళ్లతో లాగుతుంటే, వెనక దేశదేశాల రాజులూ రాకుమారులూ అడుగులో అడుగు వేస్తుంటే, ఆ ఊరేగింపు మెల్లగా పాడింగ్టన్ రైల్వేస్టేషను వైపు కదిలింది. గుంపులో టోపీలు దిగాయి. అదే గుంపులోంచి ఒక కెమెరా పైకి లేచింది.

కెమెరా పట్టుకున్న మనిషికి నలభై రెండేళ్లు. తెల్లవాడు కాదు. దొరల బడిలో చదివినవాడూ కాదు. పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. కోయంబత్తూరులో అందరికీ జి.డి. నాయుడు. ఇంటి భాష తెలుగు.

అప్పట్లో సినిమా కెమెరా పట్టాలంటే ముందు కంటితో దూరం కొలవాలి. ఎదుటి మనిషి ఇరవై అడుగుల్లో ఉన్నాడా, ముప్ఫైలోనా? ఆ లెక్క ప్రకారం లెన్సును చేత్తో తిప్పాలి. తేడా వచ్చిందో, బొమ్మ మసక. ఊరేగింపు ఎవరి కోసమూ ఆగదు. రెండోసారి రాదు.

రీలు తిరిగింది. చక్రవర్తి అంత్యక్రియలు నాయుడి ఫిల్ములో పడ్డాయి. ఫిల్మ్ కెమెరాకు దూరం సర్దే పరికరం కూడా ఆయన సొంతంగా తయారుచేసిన వస్తువుల్లో ఒకటి. చిక్కు ఎక్కడ ఎదురైతే అక్కడే దానికో పనిముట్టు పుట్టించడం ఆయనకు అలవాటు. ఆ అలవాటు అంటుకుంది లండన్‌లో కాదు. అంతకు పాతికేళ్ల ముందు, కాస్త అటూ ఇటూగా, ఒక పల్లెటూరి మట్టి దారి మీద.

*

కలంగల్. కోయంబత్తూరు పక్క పల్లె. విజయనగర కాలం నుంచి ఆ చుట్టుపక్కల కుదురుకున్న తెలుగు రైతు కుటుంబాల్లో ఒకదాంట్లో, 1893 మార్చి 23న దొరస్వామి పుట్టాడు. పసితనంలోనే తల్లి పోయింది. బడి అతనికి పడలేదు. పంతులు మొహాన ఇసుక కొట్టి పారిపోయాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. చదువు వానాకాలపు చదువే. పొలంలో పత్తి, ఇంట్లో పశువులు. ఆ ఊళ్లో పుట్టిన పిల్లాడి బతుకు ఎటు పోతుందో అందరికీ తెలుసు.

ఒకరోజు ఆ దారిన ఒక చప్పుడొచ్చింది.

ముందు చప్పుడే. ఫట్ ఫట్ ఫట్. తర్వాత దుమ్ము. ఆ దుమ్ములోంచి రెండు చక్రాల బండి, దాని మీద ఒక తెల్ల ఆఫీసరు. రడ్జ్ కంపెనీ మోటారు సైకిలు. కుర్రాడు కళ్లప్పగించి నిలబడిపోయాడు. ఎద్దు లేదు. గుర్రం లేదు. తొక్కే కాలు కూడా లేదు. మరి దీన్ని లాగుతున్నదెవరు? కాలిన నూనె వాసన గాలిలో తేలింది. బండి మలుపు తిరిగింది. ప్రశ్న మాత్రం కుర్రాడి దగ్గరే ఉండిపోయింది.

ఆ బండి తనకు కావాలి. కొనడానికి డబ్బు లేదు. ఊళ్లో ఉంటే రాదు. దొరస్వామి కోయంబత్తూరు దారి పట్టాడు.

*

దొరికిన పని హోటల్లో సర్వరు.

తెల్లారకముందే పొయ్యి రాజేసిన పొగ కళ్లల్లో గుచ్చుకుంటుంటే, ఇడ్లీ ఆవిరీ సాంబారు ఘాటూ ఒంటికి పట్టేస్తుంటే, బల్లలు తుడిచి, ఆకులు వేసి, నీళ్లు పోసి, ఎంగిలాకులెత్తి, మళ్లీ బల్లలు తుడిచి, రాత్రి అంగడి మూసేదాకా కాలు నిలవకుండా తిరిగి, చేతికొచ్చిన ప్రతి కాసునూ ఖర్చు పెట్టకుండా దాచాడు. నెలలు గడిచాయి. ఏళ్లు గడిచాయి. తోటివాళ్లు సెలవడిగి ఊరెళ్లొచ్చేవాళ్లు. అతని లెక్క ఒక్కటే. ఎంత దాస్తే ఆ బండి వస్తుంది?

చివరికి వచ్చింది. రడ్జ్ అతనిదైంది.

ఎవరైనా ఏం చేస్తారు? ఎక్కి ఊరంతా తిప్పుతారు. దొరస్వామి స్పానరు పట్టుకున్నాడు. ఒక్కో నట్టూ విప్పాడు. చక్రం ఊడింది. గొలుసు ఊడింది. ఇంజను ఊడింది. ఏళ్ల చాకిరీ అంతా ముక్కలై నేల మీద పరుచుకుంది. చేతులు మోచేతుల దాకా నల్లబడ్డాయి. చెప్పడానికి గురువు లేడు. చూడటానికి పుస్తకం లేదు. ఒక్క ముక్క ఎక్కడిదో మర్చిపోతే బండి ఇక పాత ఇనుమే.

ఒక్కటీ మర్చిపోలేదు. విప్పిన వరసకు ఎదురు వరసలో బిగించుకుంటూ వచ్చాడు. బండి కదిలింది. మోటారు మెకానిక్ దొరస్వామికి అదే మొదటి పరీక్ష, అదే డిగ్రీ.

*

ఆ తర్వాత అతను వ్యాపారంలో దిగాడు. తిరుప్పూరులో పత్తి. మొదటి ప్రపంచ యుద్ధం రోజులు. ధరలు ఎగిరాయి, చేతిలో డబ్బు ఆడింది. ఆ ఊపులో బొంబాయి పత్తి బజారుకెళ్లాడు. అక్కడ పందెం తిరగబడింది. సంపాదించిందంతా పోయింది. ఇక మళ్లీ కలంగల్ పొలమేనా?

1920. కోయంబత్తూరులో కాఫీ, నూలు వ్యాపారాలు నడిపే రాబర్ట్ స్టేన్స్ దొర చెయ్యందించాడు. ఆ సాయంతో ఒక బస్సు వచ్చింది. ఒక్కటంటే ఒక్కటి. పొల్లాచి నుంచి పళని దాకా సుమారు నలభై మైళ్లు. స్టీరింగు పట్టింది నాయుడే.

ఆ దారిలో ఎడ్లబళ్లకు అలవాటు పడ్డ జనం. పాల్ఘాటు కనుమలోంచి వీచే గాలి దుమ్ముని కళ్లల్లో కొడుతోంది. కావళ్లు భుజాన వేసుకుని, విభూది రేఖలతో కొండకు నడిచిపోయే యాత్రికులు బస్సు హారను విని పక్కకు తప్పుకున్నారు. కొందరు ఎక్కారు. కొందరు దణ్ణం పెట్టి, ఎక్కకుండానే నడక సాగించారు. ఇంజను చెడితే దించి బాగుచేసే మెకానిక్ ఎక్కడో లేడు, డ్రైవరు సీట్లోనే ఉన్నాడు. మిగతా బస్సుల వాళ్లకు లేని బలం అది. ఒక బస్సు పెరిగి యూనివర్సల్ మోటార్ సర్వీస్ అయింది. యు.ఎం.ఎస్. అన్న మూడక్షరాలు కోయంబత్తూరు జిల్లా అంతా పాకాయి.

డబ్బు వచ్చింది. పేరు వచ్చింది. ఇంకొకరైతే కాళ్లు చాపుకుని కూర్చునేవాళ్లు. నాయుడు ఓడెక్కాడు.

*

జర్మనీ. 1930ల నడిమి కాలం.

అప్పటికి ప్రపంచం గడ్డం గీసుకోవడంలో రెండు మెట్లు ఎక్కింది. మంగలి కత్తి పక్కకు పోయి 1903లో జిలెట్ బ్లేడు అంగట్లోకి వచ్చింది. 1931లో అమెరికాలో జాకబ్ షిక్ కరెంటు రేజరు అమ్మకానికి పెట్టాడు. సబ్బు అక్కర్లేదు, నీళ్లు అక్కర్లేదు. కానీ దానికి గోడలో ప్లగ్గు కావాలి. ధర పాతిక డాలర్లు. కరెంటు లేని ఊరివాడు ఏం చెయ్యాలి? రైల్లో పోయేవాడు? పొలం గట్టున గుడిసెలో ఉండేవాడు?

నాయుడి చెయ్యి మళ్లీ స్పానరు వైపు పోయింది.

పిడికిట్లో పట్టే రేజరు. లోపల బుల్లి మోటారు. దాన్ని తిప్పేది గోడలోని కరెంటు కాదు, బ్యాటరీ సెల్లు. మీట నొక్కితే గుయ్యిమంటుంది, చెంప మీద పెడితే నున్నగా పోతుంది. దాని పేరు రసంత్. జర్మనీలో తయారైంది. ప్రపంచంలో తొలినాటి ఎలక్ట్రిక్ రేజర్లలో ఒకటిగా లెక్కకొచ్చింది. బ్లేడుతోనే గీసుకుంటానన్నవాడి కోసం కాగితమంత పలచటి బ్లేడు కూడా చేశాడు.

అక్కడితో ఆగలేదు. పళ్లు పిండి రసం తీసే యంత్రం. కిరసనాయిలుతో తిరిగే ఫ్యాను. ఆ ఫ్యాను వెనక ఉన్న ఆలోచన చూడండి. తీగ రాని పల్లెలో కూడా సీసాడు కిరసనాయిలు దొరుకుతుంది. వేసవి మధ్యాహ్నం రేకుల కొట్టులో ఉడికిపోయే మనిషికి గాలి తగలాలంటే కరెంటు వచ్చేదాకా ఎందుకు ఆగాలి? ఆయన వస్తువులన్నీ అలాంటి మనిషినే వెతుక్కుంటూ వెళ్లాయి.

పేపర్లు ఆయన్ని భారత ఎడిసన్ అన్నాయి. కానీ కోయంబత్తూరుకు ఆ సమయంలో రేజరు కన్నా పెద్ద అవసరం ఒకటి పడింది.

*

నీలగిరిలో పైకారా నది. 1932లో అక్కడ జలవిద్యుత్తు పుట్టింది. తీగలు కొండ దిగి కోయంబత్తూరు మైదానంలోకి వచ్చాయి. నూలు మిల్లులు ఒకదాని వెనక ఒకటి లేచాయి. ఆ వేడి ఒక్క జిల్లాతో ఆగలేదు. దక్షిణాన, పడమటి కనుమల పాదాన ఉన్న తెలుగు కుటుంబాలు స్థిరపడ్డ మరో ఊరు రాజపాళయంలో పి.ఎ.సి. రామసామి రాజా 1936లో రాజపాళయం మిల్స్ స్థాపించాడు. మిల్లుకి మోటారు కావాలి. రైతుకీ కావాలి. కపిల బావి దగ్గర ఎద్దులు ముందుకీ వెనక్కీ నడిచి, తోలు సంచితో నీళ్లు తోడే రోజులవి. పొలం పక్కనే కరెంటు స్తంభం నిలబడింది. బావిలో నీళ్లున్నాయి. మధ్యలో ఒక్క యంత్రం లేదు.

దొరికేవన్నీ ఓడలో వచ్చిన మోటార్లు. రైతు చేతికి అందని ధర. చెడితే ముక్క కోసం సీమ వైపు చూడాలి. ఇక్కడ చెయ్యలేమా? అందరి నోటా ఒకటే జవాబు. అది మనవల్ల అయ్యే పని కాదు.

పీలమేడులో ఒక షెడ్డు. లోపల రంపపు పొట్టు, వార్నిషు, వేడెక్కిన ఇనుము కలిసిన వాసన. నాయుడితో పాటు డి. బాలసుందరం నాయుడు. నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్, క్లుప్తంగా న్యూ. రాగి తీగను చుట్టలు చుట్టలుగా వైండింగ్ చేసి, ఇనుప రేకుల్ని పేర్చి, ఇరుసు వెంట్రుక వాసి కూడా పక్కకు జరగకుండా బేరింగుల్లో కూర్చోబెట్టి, చుట్టకూ చుట్టకూ మధ్య కరెంటు దూకకుండా కట్టుదిట్టం చేసి, చివరి బోల్టు బిగించారు. స్విచ్చి మీద వేలు. తిరుగుతుందా, కాలిపోతుందా?

తిరిగింది. 1937. దేశంలో తయారైన తొలి ఎలక్ట్రిక్ మోటారు అదేనని కోయంబత్తూరు గర్వంగా చెప్పుకుంటుంది. ఆ షెడ్డు నుంచి నేర్చుకుని బయటికొచ్చిన చేతులు ఊరంతా వర్క్‌షాపులు పెట్టాయి. ఊరి అదృష్టం మారింది. నాయుడి అదృష్టం మాత్రం ఇకనుంచి వర్క్‌షాపులో తేలేది కాదు. ఆఫీసుల్లో తేలాల్సి వచ్చింది.

*

1941. యుద్ధం వార్తల కోసం దేశం చెవులు రిక్కించిన కాలం. రేడియో ఉన్న ఇంటి అరుగు మీద సాయంత్రమైతే వీధంతా పోగయ్యేది. రేడియో ఉన్న ఇల్లు ఊరికొకటి. నాయుడు ప్రకటించాడు. అయిదు వాల్వుల సెట్టు, 70 రూపాయలకే తయారుచేసి ఇస్తాను.

ఆ మాట వెనక ఆయన నమ్మకం ఒకటుంది. వస్తువు ఖరీదు ఇనుములోనూ రాగిలోనూ లేదు, చెయ్యడం తెలియకపోవడంలో ఉంది. అయితే చెయ్యడం నేర్పాలి. యంత్రం ముందు నిలబెట్టి నేర్పాలి.

1945లో ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కాలేజీ మొదలయ్యాయి. అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారు. దాని వెనక నాయుడి ఆస్తి, నాయుడి పట్టుదల. ప్రిన్సిపాలు కుర్చీలో నాయుడే కూర్చున్నాడు. బడి ఎగ్గొట్టిన కుర్రాడు ఇంజనీరింగ్ కాలేజీ నడుపుతున్నాడు. ఆయన పేచీ ఒక్కదగ్గరే వచ్చింది. ఇంజనీరు తయారవడానికి నాలుగేళ్లెందుకు? రెండేళ్లు చాలు. గంటలు బల్ల ముందు కాదు, లేత్ మిషను ముందు గడవాలి. ప్రభుత్వం కుదరదంది. నాలుగేళ్లు నాలుగేళ్లే. నాయుడు కుర్చీ వదిలి లేచాడు.

ఆ కాలేజీయే నేటి కోయంబత్తూరు ప్రభుత్వ సాంకేతిక కళాశాల. అది నిలిచింది. ఆయన మాట నిలవలేదు. ఓడిపోయినట్టేనా? ఏడేళ్ల తర్వాత ఆయన ఇంకా పెద్ద పందెం కాశాడు.

*

1952.

దేశం కొత్తగా ఓటు వేసి అలసిపోయి ఉంది. తొలి సార్వత్రిక ఎన్నికలు 1951 అక్టోబరు 25న మొదలై 1952 ఫిబ్రవరి 21 దాకా సాగాయి. ఒక్కో అభ్యర్థికీ ఒక్కో పెట్టె, దాని మీద గుర్తు. చదువు రానివాళ్లు గుర్తు చూసి కాగితం వేశారు. ఆ కాగితాల బలమేమిటో మద్రాసు రాష్ట్రం కళ్లారా చూసింది. అప్పుడు ముఖ్యమంత్రిగా ఉన్నది రాజపాళయం తెలుగు బిడ్డ పి.ఎస్. కుమారస్వామి రాజా. సొంత ఆస్తిని ప్రజలకిచ్చేసిన మనిషి, గాంధీ కళా మందిరం కోసం ఇల్లు వదులుకున్న మనిషి. శ్రీవిల్లిపుత్తూరులో ఆయనా ఓడిపోయాడు. ముఖ్యమంత్రినైనా ఇంటికి పంపే కాగితం కదా. దాన్ని ఎవరూ మార్చకుండా, చింపకుండా, లెక్క తప్పకుండా కాపాడేదెలా? నాయుడి దగ్గర దానికీ ఒక యంత్రం ఉంది. మోసానికి చోటివ్వని ఓటు యంత్రం. ఎన్నికల్లో తను స్వయంగా నిలబడి ఓడిన అనుభవం కూడా ఆయనకుంది. యంత్రం తయారైంది. వాడేవాళ్లు రాలేదు.

ఆ ఏడాదే ఆయన గ్యారేజీలోంచి ఇంకో వస్తువు బయటికి తోశాడు. ఈసారి చక్రాల మీద.

కారు. రెండు సీట్లు. పెట్రోలుతో నడుస్తుంది. ధర 2,000 రూపాయలు.

కారంటే మిల్లు యజమానికీ జమీందారుకీ మాత్రమే అనుకునే కాలంలో, బడి పంతులూ చిన్న వ్యాపారీ భార్యను పక్కన కూర్చోబెట్టుకుని పళనికి వెళ్లొచ్చే కారు అది. రడ్జ్ బండి కోసం ఎంగిలాకులెత్తిన మనిషికి, బండి కొనలేనివాడి ఆశ ఎంత మండుతుందో ఒకరు చెప్పాలా? ఇంజను సిద్ధం. చేసే చేతులు సిద్ధం. కావలసింది ఒక్క కాగితం. సర్కారు లైసెన్సు.

1952 మే 8న పరిశ్రమల చట్టం అమల్లోకి వచ్చింది. ఏ వస్తువు ఎవరు చెయ్యాలో, ఎన్ని చెయ్యాలో ఇక ఢిల్లీ చెప్తుంది. ఏ నట్టు ఎక్కడ బిగించాలో తెలిసిన మనిషి, ఫైలు ఏ బల్ల మీద ఆగిందో తెలియని రోజులు వచ్చాయి. కోయంబత్తూరు షెడ్డులో కారు నిలబడి ఉంది. ఢిల్లీ నుంచి ఏం వస్తుంది?

కాదన్నారు.

కారు రోడ్డెక్కలేదు. ఆ రోజు ఊడదీసి బిగించడానికి నాయుడి ముందు యంత్రం లేదు. అడ్డొచ్చింది కాగితం. దానికి స్పానరు పట్టదు.

*

ఆయన ఆగిపోలేదు. పొలంలోకి దిగి పది అడుగుల పత్తి మొక్కలు పెంచాడు. చూడటానికి శాస్త్రవేత్త సి.వి. రామన్ వచ్చాడు. నాయుడిని పది లక్షల మందిలో ఒకడని మెచ్చుకున్నాడు. 1974 జనవరి 4న నాయుడు కన్నుమూశాడు.

ఆయన ముందే వెళ్లొచ్చిన దారుల్లోకి దేశం ఒక్కొక్కటిగా ఆలస్యంగా వచ్చింది. 1982 మే నెలలో కేరళలోని పరవూరులో కొన్ని బూతుల్లో తొలిసారి ఓటు యంత్రం పెట్టారు. నాయుడు పోయి ఎనిమిదేళ్లు. 2008 జనవరి 10న ఢిల్లీలో టాటాలు లక్ష రూపాయల కారు తెర తీసి చూపించారు. మామూలు కుటుంబానికి కారు అని దేశమంతా చప్పట్లు కొట్టింది. నాయుడి కారు తయారై అప్పటికి యాభై ఆరేళ్లు.

ఆ షెడ్డులో తిరిగిన మోటారు మాత్రం ఆగలేదు. దాన్ని చూసి, నేర్చి, మార్చి, కోయంబత్తూరు దేశానికి పంపుసెట్లు పంపింది. కపిల ఎద్దులు విశ్రాంతి తీసుకున్నాయి. 1955లో అదే ఊళ్లో పి. సభాపతి మోటారుకు రాతి రోలును కలిపి గ్రైండరు చేశాడు. తెల్లవారుజామున రుబ్బురోలు ముందు కూర్చుని, నడుం పడిపోయేలా పొత్రం తిప్పిన ఆడవాళ్ల భుజాల బరువు దిగింది. రాజపాళయం వంటింట్లోనైనా రాజమండ్రి వంటింట్లోనైనా ఇడ్లీ పిండి రుబ్బే యంత్రం ఆ కోవలోదే. కోయంబత్తూరు వెట్ గ్రైండరుకు తర్వాత భౌగోళిక గుర్తింపూ దక్కింది. 2025 అక్టోబరులో అవినాశి రోడ్డు మీద పది కిలోమీటర్ల పైవంతెన తెరిచి దానికి జి.డి. నాయుడి పేరు పెట్టారు.

ఆ కారును ఆపిన కాగితం కూడా చివరికి పోయింది. 1991 జూలైలో ఢిల్లీ చాలా పరిశ్రమలకు లైసెన్సులు తీసేసింది. 1993లో కార్లకు కూడా తీసేసింది. చెయ్యడం తెలిసినవాడు చేసుకోవచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు అని దేశం ఒప్పుకోవడానికి నాయుడి కారు తర్వాత నలభై ఏళ్లు పైనే పట్టింది. ఆ నలభై ఏళ్లూ నష్టపోయింది నాయుడు ఒక్కడే కాదు. రెండు వేలు కూడబెట్టుకుని, ఆ కారు కోసం ఎదురుచూసి ఉండగల ప్రతి మామూలు మనిషీ నష్టపోయాడు.